నేల మీద పెట్టకూడని దీపం

చెంగలువ పోయిన రోజు ధూమగిరిలో గాలి వీచలేదు. చెట్టు మీద ఆకు కదలలేదు. కోట బురుజుల మీద జెండాలు కర్రలకు అంటుకుపోయి వేలాడాయి. సాక్షిగుహలో విచారణ పెట్టడానికి మాంత్రికుడు భస్మనాథుడు ఎప్పుడూ ఇలాంటి రోజుకే ముహూర్తం చూసేవాడు. గాలి వీచే రోజున ఒక్కసారి కూడా పెట్టలేదు. ఎందుకని ఆ రాజ్యంలో ఎవరూ అడగలేదు.

ఆమె చేసిన నేరం చిన్నది. దీపాన్ని నేల మీద పెట్టింది.

ధూమగిరిలో దీపం నేల మీద పెట్టకూడదు. పెడితే సాక్షిభూతానికి కోపం వస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఇంట్లో గూటిలో పెడతారు. వీధిలో స్తంభం మీద పెడతారు. గుహలోనైతే మనిషి భుజమెత్తు ఇత్తడి సెమ్మె మీద వెలిగిస్తారు. చెంగలువ బావులు తవ్వేవాళ్ళ ఇంటి పిల్ల. వాళ్ళు కొత్త గోతిలోకి దిగే ముందు తాడుకు దీపం కట్టి అడుగు దాకా దించుతారు. వెలుగుతూ ఉంటే మనిషి దిగుతాడు. ఆరిపోతే దిగడు. వాళ్ళకు దీపం చోటు నేలే.

పొరుగింటి తిమ్మక్క కొడుకు సోమలింగం మీద రాజుగారి ధాన్యపు కొట్టు దొంగతనం మోపారు. గుహలో ప్రమాణం చేయించారు. అతను లేవలేదు. కొడుకు శవాన్నైనా ఇమ్మని అడగడానికి తిమ్మక్క గుహకు వెళ్ళింది. తోడుగా చెంగలువ వెళ్ళింది. ముసలామె తూలితే పట్టుకోవడానికి చేతిలో దీపాన్ని కింద పెట్టింది. దీపం ఆరిపోయింది. సెమ్మె నుంచి వెలిగించుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆరింది. మూడోసారి వెలిగించి చేతిలోనే పట్టుకుంది. అది నిలకడగా వెలిగింది.

"అవ్వా, ఇక్కడ భూతమూ లేదు, గీతమూ లేదు. నేలబారున చెడ్డగాలి ఉంది" అంది చెంగలువ. గుహలో మాట మారుమోగుతుంది. భటులు విన్నారు.

ఆ మధ్యాహ్నమే ఆమెను అదే గుహలో సాష్టాంగపరిచారు. అక్కడి విచారణ పద్ధతి ఒకటే. నేరం మోపిన మనిషి నేల మీద బోర్లా పడుకుని, ప్రమాణం మొదటి నుంచి చివరి దాకా గొంతెత్తి పలకాలి. అది పొడుగాటి ప్రమాణం. పలకాలంటే ఊపిరి తీయాలి. చెంగలువకు ఆ సంగతి తెలుసు. నోరు మూసుకుంది. ఊపిరి బిగబట్టింది. ఇద్దరు భటులు పంగలకర్రలతో ఆమె మెడను నేలకు నొక్కిపట్టి ఎదురుచూశారు. భటులు నిలబడి ఉన్నారు. ఆమె పడుకుని ఉంది. తేడా అంతే.

భూతం తీసుకున్నవాళ్ళను ఇంటికి ఇవ్వరు. గుహ కొసన ఉన్న గోతిలోకి జారవిడుస్తారు. మర్నాడు పొద్దున్నే దండోరా వేశారు: బావులు తవ్వేవాళ్ళు గునపాలు అప్పగించి రాజ్యం విడిచి పోవాలి.

* * *

చెంగలువ అన్న మైలారుడు అప్పుడు పొరుగు దేశమైన వేత్రవనంలో బావి అడుగున ఉన్నాడు. పాదాల కింద రాయి చెమర్చింది. ఇంకొక్క పొర తీస్తే నీరు పడుతుంది. పైనుంచి మట్టి రాలితే తలెత్తి చూశాడు. గట్టు మీద తిమ్మక్క కనబడింది.

"ఏం అవ్వా, ఇంత దూరం నడిచొచ్చావు? మా చెల్లి ఏమైనా పంపిందా?"

"పైకి రా నాయనా."

"నీళ్ళు పడబోతున్నాయి. అక్కణ్ణుంచే చెప్పు."

"లోపలుండగా చెప్పే మాట కాదు. పైకి రా."

మైలారుడు మోకు పట్టుకుని పైకి వచ్చాడు. తిమ్మక్క చెప్పింది. అతను చివరి దాకా విన్నాడు. చేతుల మట్టి కడుక్కున్నాడు. తర్వాత ఒకే మాట అడిగాడు.

"మెడ మీద కర్ర పెట్టారా?"

"పెట్టారు నాయనా."

అతను గునపం తీసుకుని, ఆ రోజంతా తవ్వి పోసిన రాళ్ళగుట్టను కొట్టడం మొదలుపెట్టాడు. రాయి పిండి అయ్యే దాకా కొట్టాడు. తిమ్మక్క అడ్డం వెళ్ళలేదు. అతను ఆగాక మెల్లగా అంది.

"నీతో ఒకటి చెప్పాలి. ఎవరితోనూ అనలేదు. మా సోమలింగం లేవకపోయేసరికి, ఒక్క క్షణం... వీడు నిజంగానే దొంగిలించాడేమో అనిపించింది. కన్నతల్లిని. నాకే అలా అనిపించింది."

మైలారుడికి అంతవరకూ లేనంత కోపం అప్పుడు వచ్చింది. భస్మనాథుడు కొడుకును చంపి ఊరుకోలేదు. తల్లి మనసులో ఆ కొడుకును దొంగను కూడా చేశాడు.

"నీ తమలపాకుల సంచిలో సున్నం ఉందా అవ్వా?"

"ఇప్పుడు తాంబూలమా?"

"ఇలా ఇయ్యి."

కొబ్బరి చిప్పలో నీళ్ళు పోసి సున్నం కలిపాడు. అడుగున పేరుకునే దాకా ఆగి, పైన తేరిన తేటను ఇంకో చిప్పలోకి వంచాడు. కన్నీళ్ళంత తేటగా ఉంది. బొప్పాయి కాడ గొట్టాన్ని అందులో ముంచి ఆమెకు అందించాడు.

"ఊదు."

తిమ్మక్క ఊదింది. బుడగలు లేచాయి. చూస్తుండగానే తేట పాలలా తెల్లబడింది. ముసలామె ఉలిక్కిపడి గొట్టం వదిలేసింది.

"ఏం మంత్రమిది?"

"మంత్రం కాదు. నీ ఊపిరి. లోపలికి పీల్చిన గాలి వేరు, బయటికి వదిలే గాలి వేరు. వదిలే దానిలో ఒక బరువైన గాలి కలిసి ఉంటుంది. సున్నపు తేటను తెల్లబరిచేది అదే. రాత్రి రుబ్బిన అట్ల పిండి పొద్దుటికి పొంగుతుంది చూడు, ఆ పొంగూ అదే. ఇప్పసారా కుండలో బుసబుసలాడేదీ అదే. కొంచెం ఉంటే ఏమీ చేయదు. నేలలోంచి ఊరుతూ గోతిలో నిలిచిందంటే నీళ్ళలాగే పల్లంలో మడుగు కడుతుంది. కంటికి కనబడని మడుగు. అందులో దీపం బతకదు, మనిషీ బతకడు. సాక్షిగుహలో ఆ మడుగు మోకాటి లోతు ఉండి ఉంటుంది."

తిమ్మక్క ఆ తెల్లటి నీళ్ళ చిప్పను చేతిలోకి తీసుకుంది.

"అయితే నా కొడుకు..."

"దొంగ కాదు అవ్వా. పడుకోబెట్టారు, అంతే."

ఆమె అప్పుడు ఏడ్చింది. కొడుకు పోయినప్పటి నుంచీ రాని ఏడుపు.

"నా చెల్లెలిని ఇంటికి తెచ్చుకుంటాను. నీ కొడుకునూ తెస్తాను. ఆ గోతిలో వదిలిపెట్టను" అన్నాడు మైలారుడు.

* * *

వేత్రవనానికీ ధూమగిరికీ నడుమ జమ్ముకోన చిత్తడి ఉంది. పొద్దు వాలే వేళ ఆ చిత్తడి అందం చూసి తీరాలి. ఆమడ పొడవునా జమ్ముగడ్డి బంగారు తీగెల్లా వంగి ఉంటుంది. మధ్యమధ్య మడుగులు రాగిపళ్ళేల్లా మెరుస్తాయి. ఎర్రముక్కు కొంగలు ఒంటికాలి మీద నిలబడి తమ నీడలను తామే చూసుకుంటాయి. వెలుగు తగ్గేకొద్దీ నీళ్ళ మీద అక్కడక్కడా నీలిమంటలు పుట్టి, జానెడు ఎత్తు లేచి, ఆరిపోతాయి. అందుకే ధూమగిరి భటులు అటువైపు కాపలా పెట్టరు. వాటిని కొరివిదయ్యాలంటారు.

"నాయనా, ఇటు వద్దు. అదిగో, పిలుస్తున్నాయి" అంది తిమ్మక్క.

"పిలవడం లేదు. బురదలో ఆకు కుళ్ళితే ఒక గాలి పుడుతుంది. దానికి బరువు తక్కువ, మంట ఎక్కువ. మావాళ్ళు చిత్తళ్ళ పక్కన పని చేసేటప్పుడు తోలుతిత్తిలో పట్టి, దానితోనే అన్నం వండుతారు."

"దయ్యం మీద అన్నమా! ఉడుకుతుందా?"

"ఉడుకుతుంది. రుచి మాత్రం నా వంట రుచే."

ముసలామె నవ్వబోయింది. ఆ నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. వెనక గట్టు మీద గుర్రాల డెక్కల చప్పుడు.

చెడ్డగాలి మాట చెవిన పడ్డ తిమ్మక్కను పట్టి తెమ్మని భస్మనాథుడు రౌతులను పంపాడు. చేతుల్లో దివిటీలతో వాళ్ళు గట్టు దిగారు. మైలారుడు ఆమె చెయ్యి పట్టుకుని జమ్ములోకి లాగాడు. ఆమె కాలు ఊబిలో దిగబడింది. అతను వంగి లాగే లోపే ముందున్న రౌతు ఆమెను జుట్టు పట్టి ఎత్తి జీనుకు అడ్డంగా వేసుకున్నాడు.

"వదలరా ముసలిదాన్ని!" మైలారుడు చేతిలోని ఊతగడ ఎత్తి మీదికి ఉరికాడు. మిగతా రౌతులు నడుమ అడ్డం పడ్డారు.

"నువ్వు పో నాయనా!" జీను మీద నుంచి తిమ్మక్క అరిచింది. "నా గురించి బెంగపడకు. నేను నిలబడే చస్తాను కానీ పడుకోను!"

ఆ గుర్రం గట్టెక్కి మాయమైంది. మిగిలిన రౌతులు దివిటీలు వంచి, నీళ్ళలో గుర్రాలను నడిపిస్తూ మైలారుడిని చుట్టుముట్టారు.

"ఎటు పోతావురా మట్టిపురుగా? కావాలంటే ఇక్కడే గొయ్యి తవ్వుకో!"

మైలారుడు మడుగు ఒడ్డుకు ఎక్కాడు. వాళ్ళు ఏ మడుగులోకి దిగారో చూశాడు. ఏళ్ళ తరబడి ఆకు రాలి కుళ్ళిన నల్లని మడుగు అది. ఒడ్డున నిలబడి గడను బురదలోకి నిలువునా గుచ్చి, పొలం దున్నినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు లాగాడు. అడుగు నుంచి బుడగలు లేచాయి. నీరంతా అన్నం కుండలా కుతకుతలాడింది. ఒక దివిటీ నుంచి నిప్పురవ్వ రాలింది.

నీటి మీద మంట పరుచుకుంది. భగ్గుమని ఒక్కసారిగా నీలంగా, పసుపుగా లేచి గుర్రాల రొమ్ముల దాకా తాకి, అంతే వేగంగా ఆరింది. ఎవరూ చావలేదు. కానీ నీళ్ళు మండడం చూసిన గుర్రం రౌతు మాట వినదు. అవి ముందుకాళ్ళెత్తి, మీదివాళ్ళను మడుగులో పారేసి, తోకలు కాలిన వాసనతో ఇంటి దారి పట్టాయి. రౌతులు బురదలో పాకుతూ దయ్యాలకు దండాలు పెట్టుకున్నారు.

మైలారుడు వాళ్ళను దాటుకుని ధూమగిరి నేల మీద అడుగు పెట్టాడు.

* * *

మర్నాడు పొద్దున కోటవాకిలి దగ్గర ఒక అరటిపళ్ళ బండి ఆగింది. తోలుకొచ్చినవాడు తలకు పాగా చుట్టి, మొహానికి పసుపు రాసుకుని, ఒక కన్ను మూసుకుని ఉన్నాడు. గెలల కింద మోకు చుట్ట దాగి ఉంది.

"ఏముందిరా ఒంటికన్నోడా?"

"విచారణకు దొరలొస్తారు కదయ్యా, వాళ్ళకు పళ్ళు. గుహలో అరుగు మీద పంచాలట."

వాకిలి భటుడు గోనె ఎత్తి చూశాడు. "పైవి పచ్చికాయలే కదరా! దొరలకు కూర వండుతావా?"

"నడుమ పండిన గెల ఒకటి పెట్టి కప్పానయ్యా. దాని ఒంట్లోంచి కనబడని ఆవిరి ఒకటి వస్తుంది. అది సోకితే పక్కవీ పండుతాయి. కింది వరస చూడండి, నిన్న ఇవీ పచ్చివే."

భటుడు ఒకటి ఒలిచి తిన్నాడు. ఇంకొకటి కూడా తిన్నాడు.

"నిజమేరా. ఒకదాని పక్కన ఇంకొకటి ఉంటే పండుతుందన్నమాట. మా అత్తగారింట్లో అందరూ ఒకరి పక్కన ఒకరుండి కుళ్ళారు. పో, పో!"

* * *

సాక్షిగుహకు వెళ్ళే దారంతా రాజవైభవమే. దారికి రెండు వైపులా నెమలిపింఛాల తోరణాలు, ముత్యాల కుచ్చుల గొడుగులు, పచ్చల పట్టీలు తొడిగిన ఏనుగులు. గుహ ముందున్న ఊటలో నీళ్ళు నిప్పు లేకుండానే బుడబుడలాడుతున్నాయి. నోట పోసుకుంటే నాలుక మీద చురుక్కుమంటాయి. అది భూతం చేయి కడుక్కున్న నీళ్ళని జనం కళ్ళకద్దుకుంటున్నారు. మైలారుడు ఒక దోసిలి తాగి చూశాడు. కొండ కడుపులోంచి ఆ బరువుగాలి ఊరుతోందని నాలుకే చెప్పింది.

గుహలోకి మెట్లు దిగాలి. మైలారుడు పళ్ళబుట్ట తల మీద, మోకు చుట్ట భుజం మీద పెట్టుకుని జనంతో దిగాడు. లోపల గోడలకు రంగురాళ్ళు పొదిగారు. కొసన నల్లగా గొయ్యి ఉంది. గోతి నుంచి కుళ్ళు వాసన రాదు. నక్కలు రావు. ఈగ కూడా వాలదు. ఆ మడుగు సంగతి మనుషులకంటే ముందే వాటికి తెలుసు.

ఒక పక్కగా నడుమెత్తు రాతి అరుగు ఉంది. దాని మీద రత్నకంబళి పరిచి, రాజు ఉదయార్కుడూ గొప్ప ఇళ్ళవాళ్ళూ కూర్చున్నారు. వాళ్ళలో ఎవరి మీద నేరం వచ్చినా ఆ అరుగు మీదే వంగి ప్రమాణం చేస్తారు. ఎప్పుడూ నిర్దోషులుగానే లేస్తారు. పెద్దవాళ్ళకు అరుగు మర్యాద అని జనం అనుకున్నారు. అది మర్యాద కాదు, ప్రాణం.

భస్మనాథుడు ఎత్తు పాంకోళ్ళ మీద టకటకమంటూ నడిచి వచ్చాడు. ఒళ్ళంతా విభూది, మెడలో పులిగోళ్ళ దండ. సెమ్మె మీద దీపం వెలిగించాడు. భటులు తిమ్మక్కను తెచ్చారు. చేతులు ముందుకు కట్టేశారు.

"ముసలిదానా, సాష్టాంగపడు."

"పడను."

"పడకపోతే పడేస్తారు."

"పడేస్తే నువ్వూ నా పక్కన పడుకో. ఇద్దరం కలిసి ప్రమాణం చేద్దాం. ఏం, భూతానికి నీ మీద జాలా?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. భటులు పంగలకర్రలు ఎత్తారు. ఆ కర్రలను చూడగానే మైలారుడు జనంలోంచి ముందుకు వచ్చాడు. పళ్ళబుట్ట దింపి, అందులోని ఖాళీ కుండ తీశాడు. ఊపిరి బిగబట్టి వంగి, చెరువులో నీళ్ళు ముంచినట్టు గుహ నేల మీద ఆ కుండను ముంచాడు. అరచేత్తో మూతి మూసి నేరుగా దీపం దగ్గరికి నడిచాడు.

"ఎవడు వీడు?" అన్నాడు రాజు.

"పళ్ళవాణ్ణి మహారాజా. చూడండి, కుండ ఖాళీ."

కుండను వంచాడు. చూసేవాళ్ళకు అందులోంచి ఏమీ పడలేదు. కానీ దీపం తల వంచింది, సన్నబడింది, ఆరిపోయింది.

జనం మెడలు చాచి చూశారు. మైలారుడు పాగా విప్పాడు. మూసిన కన్ను తెరిచాడు.

"నా చెల్లెలు చెంగలువను చంపింది ఈ కుండలో ఉన్నది, మహారాజా. భూతం కాదు. దీన్ని ముంచవచ్చు, మోయవచ్చు, ఒంపవచ్చు. ఇది మోకాటి కిందే ఉంటుంది. నిలబడ్డవాణ్ణి ఏమీ చేయదు. అందుకే మీ మాంత్రికుడు నిలబడతాడు, నిర్దోషులను పడుకోబెడతాడు. నమ్మకపోతే ఒక్కసారి అరుగు దిగండి. ఇక్కడ తల ఆనించండి. ఒక్కసారి."

రాజు కాళ్ళు ఇంకాస్త పైకి ముడుచుకున్నాడు. ఆ కదలికను జనమంతా చూశారు.

భస్మనాథుడు తడబడలేదు. అతని కళ్ళు మైలారుడి మీది నుంచి జనం మీదికి వెళ్ళాయి. ఎంతో భక్తిగా రెండు చేతులూ పైకెత్తాడు.

"చూశారా ప్రజలారా! సాక్షిభూతం నన్ను విడిచి ఈ మహానుభావుడి కుండలోకి వచ్చింది! చేయి తాకకుండా దీపం ఆర్పాడు! కొత్త స్వామి! పడండి, అందరూ పడండి! సాష్టాంగం!"

జనం పడ్డారు.

ముత్తాతల నాటి నుంచి నేర్పిన పని అది. అద్భుతం కనబడితే వెనకా ముందూ చూడకుండా నేలకు వాలడం. ఆడా మగా, కర్రలు పారేసి భటులూ, వరి కోసినట్టు గుహ నేల మీద బోర్లా పడ్డారు. నేరస్తుల మీద వాడిన చోటును భస్మనాథుడు ఊరంతటి మీద వాడాడు. మైలారుడి పేరు చెప్పి వాడాడు.

"లేవండి!" మైలారుడు గొంతు చించుకున్నాడు. "నాకు మొక్కొద్దు! లేచి నిలబడండి!"

"స్వామీ, కాపాడు స్వామీ!" అని నేల నుంచి కేకలు వినిపించాయి. కేక వేయాలంటే ఊపిరి తీయాలి. కేకలు తగ్గిపోసాగాయి.

మైలారుడు ఒకణ్ణి జుట్టు పట్టి లేపాడు. ఇంకొకణ్ణి కాలితో తన్ని లేపాడు. నిలబడి ఉన్నది తిమ్మక్క ఒక్కతే. ఆమె కట్టిన చేతులతోనే పక్కనున్న ఆడవాళ్ళ కొప్పులు పట్టి గుంజుతోంది. "లేవండే! దేవుడు లేడు, దెయ్యమూ లేదు, లేవండే మొద్దుల్లారా!"

"అరుగు ఎక్కించండి వీళ్ళను!" అరిచాడు మైలారుడు.

రాజుగారి మేనమామ అంచున కూర్చుని కాళ్ళు అడ్డం పెట్టాడు. "ఇది మా అరుగు. చోటు లేదు."

"చోటు లేదా?" మైలారుడు అతని పట్టు ఉత్తరీయం పట్టి ఒక్క లాగు లాగాడు. మేనమామ దబ్బున కింద పడి, ఎవరూ చెప్పకుండానే ముక్కు మూసుకుని లేచి నిలబడ్డాడు. "తెలుసన్నమాట. నీకూ తెలుసన్నమాట!" అన్నాడు మైలారుడు.

రత్నకంబళి కొస పట్టి లాగితే మిగతా దొరలు దొర్లుకుంటూ దిగారు. స్పృహ ఉన్నవాళ్ళ చేత మూలలు పట్టించి, బావిలో చెడ్డగాలి చెదరగొట్టే పద్ధతిలో దాన్ని పైకీ కిందికీ కొట్టించాడు. ముత్యాలు రాలి మెట్ల మీద గెంతాయి. కనబడని మడుగు కలగాపులగమై పలచబడింది. పడ్డవాళ్ళు దగ్గుతూ, కక్కుతూ, మోకాళ్ళ మీద లేచి మెట్ల వైపు పాకారు.

ఆ సందడిలో రాజు పల్లకీ లేకుండానే పారిపోయాడు. అతని వెనకే పాంకోళ్ళు చేత పట్టుకుని భస్మనాథుడు. పైనుంచి అతని గొంతు వినబడింది. "రాతి తలుపు దొర్లించండి!"

బండరాయి కదిలింది. వెలుగు సన్నబడసాగింది. కంబళి పట్టినవాళ్ళు దాన్ని పారేసి పరుగెత్తారు. బరువుగాలి మళ్ళీ నేలబారున మడుగు కట్టింది. జనం ఒకరినొకరు లాక్కుంటూ బయటపడ్డారు. అందరి వెనకా ఉన్న మైలారుడు మెట్ల మీద నుంచి వెనక్కి చూశాడు.

గోతి అంచున తిమ్మక్క పడి ఉంది. ఎవరినో ఆఖరి మనిషిని లాగబోయి తనే ఒరిగింది. ఆమెకు ఆవల, గోతిలో, మూరెడు కిందుగా, చెంగావి చీర కొంగు కనబడింది. ఆ చీరను కిందటి వేసవిలో తనే కొన్నాడు. మోకు చుట్ట అతని భుజం మీదే ఉంది.

తలుపు మనిషి పట్టేంత సందుకు వచ్చింది. ఒక ఊపిరికి ఒక మనిషే దక్కుతుంది.

మైలారుడు నిండా ఊపిరి పీల్చుకుని దిగాడు. ఒక్కసారి చెల్లెలి వైపు చూశాడు. తిమ్మక్కను భుజం మీద వేసుకున్నాడు.

అతని మడమ దాటగానే బండరాయి మూతపడింది.

* * *

జనం చెల్లాచెదురై కొండ దిగుతుంటే, వాళ్ళ నడుమే అతను ఊట వెనకనున్న సున్నపుబట్టీ దాకా చేరాడు. చురుక్కుమనే నీళ్ళు మొహాన చల్లితే తిమ్మక్క కళ్ళు తెరిచింది. చాలాసేపు దగ్గింది. అతని చేతుల వైపు చూసింది. భుజం వైపు చూసింది.

"పిల్లను తెచ్చావా?"

"లేదు అవ్వా."

"ముసలిదాన్ని. నన్నెందుకు మోసుకొచ్చావురా?"

అతను ఆమె చేతుల కట్లు విప్పాడు. బట్టీలో కుప్పగా పోసిన కాల్చిన సున్నాన్ని చూస్తూ కూర్చున్నాడు. బరువుగాలిని తాగేసేది సున్నమే. బండి నిండా సున్నం, నీళ్ళు, మోకు ఉంటే ఆ గోతిలోకి దిగవచ్చు.

పొద్దు వాలేసరికి కొండ కింద దండోరా మొదలైంది. గుహలో చెడ్డగాలి ఉందని అన్నవాడి నాలుక కోస్తారట. మైలారుడి తల తెచ్చినవాడికి అరుగు మీద చోటు ఇస్తారట. బయటపడ్డ జనంలో కొందరు తలలు వంచుకుని విన్నారు. ఒక ఆడమనిషి మాత్రం, అందరూ చూస్తుండగా, చేతిలో దీపాన్ని నేల మీద పెట్టి వెళ్ళిపోయింది.

సోమలింగం మీద మోపిన నేరం కొట్టివేయలేదు. సాక్షిగుహ బండరాయి తొలగలేదు. చెంగలువను ఇంకా బయటికి తీయలేదు.